చేదు పోయి తీపి వచ్చే కొండ టీ

ఈ సంచికలో నేను పుఅర్ టీ గురించి రాస్తున్నాను. చైనా దేశంలో యునాన్ అనే రాష్ట్రం ఉంది. బర్మా, లావోస్, వియత్నాంలకి ఆనుకుని ఉన్న కొండల ప్రాంతం అది. ఈ టీ అక్కడిది. దీన్ని తరతరాలుగా పెంచుతున్నది బులాంగ్, దాయ్, హానీ, జినో వంటి తెగల జనం. అందుకే మనం తెలుసుకోవాలి అనిపించింది.

ముందు రుచి సంగతి. ఇందులో పాలు పొయ్యరు, పంచదార వెయ్యరు. మరి ఎలా తాగుతారు అంటారా? మీరందరూ ఉసిరికాయ తిన్నారు కదా. కొరకగానే వగరుకి మొహం వంకర పోతాది. తర్వాత నీళ్లు తాగితే ఆ నీళ్లే తియ్యగా ఉంటాయి. ఈ టీ కూడా అంతేనట. మొదట చేదు, వగరు. గుటక దిగాక గొంతులోంచి తీపి తిరిగి వస్తాది. దాన్ని వాళ్లు 'హుయ్ గాన్' అంటారు, తిరిగొచ్చే తీపి అని అర్థం. బులాంగ్ కొండ మీద లావో బాన్‌జాంగ్ అనే హానీల ఊరు ఉంది. ఆ ఊరి టీకి చేదు ఎక్కువ, పేరూ ఎక్కువే, ధర మరీ ఎక్కువ.

టీ మొక్క అంటే నడుం ఎత్తు అనుకుంటాం. నరక్కుండా వదిలేస్తే అది చెట్టే. పాత చెట్లయితే ఎక్కి ఆకు కొయ్యాలి. కోసిన ఆకుని పెద్ద ఇనప మూకుడులో వేపి, చేత్తో నలిపి, ఎండబెడతారు. తర్వాత ఆవిరి పట్టి, గుడ్డలో చుట్టి, రాయి కింద నొక్కి బిళ్ల చేస్తారు. బిళ్ల 357 గ్రాములు. ఏడేసి బిళ్లలు వెదురు పొరలో కడతారు. కొత్త బిళ్ల చేదుగా ఉంటాది. ఏళ్లు గడిచేకొద్దీ కంటికి కనిపించని సూక్ష్మజీవులు పనిచేసి రుచి మెత్తబడతాది. అన్నేళ్లు ఆగలేక 1973లో కున్మింగ్ టీ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి తెచ్చారు. ఆకుని కుప్ప పోసి, తడిపి, కప్పేస్తారు. నవ్వకండి, మన పెంటకుప్ప లోపల వేడెక్కినట్టే అదీ వేడెక్కుతాది. కొన్ని వారాలకి ఆకు నల్లగా అయ్యి మట్టివాసన వస్తాది. దీన్ని పండిన టీ అంటారు, మొదటిది పచ్చి టీ.

బిళ్ల ఎందుకంటే గుర్రాల మీద, కంచర గాడిదల మీద మోయడానికి వీలు. అలా కొండదారుల్లో టిబెట్ దాకా పోయేది. అక్కడ వెన్న, ఉప్పు కలిపి తాగుతారు.

ఇంక పేరు. పుఅర్ అన్నది తెగ పేరు కాదు, చెట్టు పేరు కాదు. టీ అమ్ముడయ్యే పట్నం పేరు. 1729లో చింగ్ రాజులు అక్కడ సర్కారు కచేరీ పెట్టారు. మంచి ఆకు చక్రవర్తికి పోయేది. 2007లో సిమావో అనే నగరం తన పేరు తీసేసి పుఅర్ అని పెట్టుకుంది. పెంచినోళ్ల పేరు మాత్రం బిళ్ల మీదకి రాలేదు. మా చింతపల్లి వైపు కొండల్లో పండిన కాఫీ కూడా బజారుకి అరకు కాఫీ అనే పోతాది కదా, అది గుర్తొచ్చింది.

అయితే 2023 సెప్టెంబరులో యునెస్కో వాళ్లు జింగ్‌మాయ్ కొండ మీది పాత టీ అడవుల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టారు. ఆ అడవులు బులాంగ్, దాయ్ వాళ్లవి. వెయ్యేళ్ల కిందటి నుంచి పెంచుతున్నారు. అడవి కొట్టేసి తోట వెయ్యలేదు. పైన పెద్ద చెట్లు, నీడలో టీ చెట్లు, కింద గడ్డి, మందు మొక్కలు. పురుగుమందు కొట్టరు. పా ఐలెంగ్ అనే మూలపురుషుడు టీ చెట్లు ఇచ్చాడని బులాంగ్ వాళ్ల కథ. పశువులు ఇస్తే రోగమొచ్చి చస్తాయి, బంగారం ఇస్తే ఖర్చయిపోతాది, చెట్లయితే పిల్లల పిల్లలకి ఉంటాయి అనుకున్నాడంట. ఇప్పటికీ ఆయనకి పండగ చేస్తారు.

వీళ్లు టీ తాగడమే కాదు, తింటారు కూడా. జినోవాళ్లు పచ్చి ఆకులో ఉప్పు, మిరపకాయ, వెల్లుల్లి కలిపి పచ్చడిలా తింటారు. బులాంగ్ వాళ్లు ఆకు ఉడకబెట్టి, వెదురు బొంగులో కూరి, నెలల తరబడి మట్టిలో పాతి పుల్లగా చేసుకుంటారు. మనం బొంగులో వండుతాం గాని ఇలా పాతిపెట్టి పులియబెట్టడం మా ఊళ్లో చూడలేదు. మీ ఊళ్లో ఏ ఆకుతో అయినా చేస్తారా? ఉంటే నాకు చెప్పండి, వచ్చే సంచికలో రాస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని