గంపలగూడెం నీడలో అనాస చుట్టాలు

మిర్చి నారు కోసం వేసిన షేడ్ నెట్ పందిరి ఏడాదిలో మూడు, నాలుగు నెలలే నిండుగా కనిపిస్తుంది. మిగతా కాలమంతా ఖాళీగా ఎండకు ఎండుతుంది. అదే నీడలో అనాస కుటుంబపు రంగురంగుల మొక్కలు పెంచుకోవచ్చు. నలుగురు కలిస్తే ఇదేమంత ఖరీదైన సరదా కూడా కాదు.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు నియోజకవర్గంలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం గంపలగూడెం. 2022 ఏప్రిల్ దాకా ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. మండలంలోని నెమలి వేణుగోపాలస్వామి ఆలయానికి అటు ఖమ్మం జిల్లా నుంచి, ఇటు విజయవాడ నుంచి భక్తులు వస్తారు. కట్టలేరు పొంగిందంటే వినగడప వైపు రాకపోకలకు తిప్పలు తప్పవు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఈ ప్రాంతానిది చివరి వంతు కాబట్టి, నీటి కోసం ఎదురుచూడటం ఇక్కడి రైతుకు అలవాటే. మామిడి, మిర్చి, పత్తి, వరి ఇక్కడి ప్రధాన పంటలు. మే నెలలో ఎండ 45 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. పదకొండు దాటితే వడగాలికి వీధులు ఖాళీ అవుతాయి.

ఇలాంటి చోట నీడ కట్టడం ఎవరికీ కొత్త విద్య కాదు. పెళ్లికి తాటాకు పందిరి, వేసవిలో చలివేంద్రం మీద కొబ్బరాకుల కప్పు, దొండకూ బీరకూ తీగ పందిళ్లు ఎప్పటినుంచో ఉన్నవే. మిర్చి సాగులో ప్రోట్రే నారు వాడకం పెరిగాక వీటి సరసన షేడ్ నెట్ చేరింది. తిరువూరు మొదలుకుని మధిర, ఖమ్మం దాకా మిర్చి పండే పల్లెల్లో ఈ నారు పందిళ్లు కనిపిస్తాయి. ట్రేలలో కోకోపీట్ నింపి గుంటకో గింజ వేస్తారు. ఐదారు వారాలకు నారు చేతికొస్తుంది. జూన్, జులైలో మొదలైన సందడి సెప్టెంబరు దాటితే సద్దుమణుగుతుంది. స్తంభాలు, నెట్, నీటి గొట్టాలు, కొన్నిచోట్ల సన్నటి తుంపర చిమ్మే ఫాగర్లు మళ్లీ తొలకరి వచ్చేదాకా ఊరికే ఉంటాయి.

ఎవరీ చుట్టాలు?

అనాసపండు తెలియనివాళ్లు ఉండరు. మన్యం జిల్లా సీతంపేట ఏజెన్సీ కొండవాలుల్లో గిరిజనులు పండించే అనాస ప్రతి వేసవిలో మైదానాల సంతలకు దిగుతుంది. ఆ అనాసది బ్రొమీలియాడ్లు అని పిలిచే మొక్కల కుటుంబం, బ్రొమీలియేసి. అందులో మూడు వేలకు పైగా జాతులున్నాయి. దాదాపు అన్నిటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. సహజంగా వేరే ఖండంలో పెరిగేది ఒక్కటే జాతి, పశ్చిమాఫ్రికాలోని గినీ రాళ్ల మీద. అనాసను పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. దాని చుట్టాలైన అలంకరణ మొక్కలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. ఎర్రటి, పసుపుపచ్చటి పూకంకులతో నెలల తరబడి నిలిచే గుజ్మానియా, నడిమి ఆకులు ఎర్రబారే నియోరెజీలియా, వెండిచారల ఆకుల మీద గులాబీరంగు కంకి వేసే ఈక్మియా, మట్టి అవసరమే లేని టిలాండ్సియా ఇప్పుడు పెద్ద నర్సరీల్లో దొరుకుతున్నాయి. నగరాల్లో హోటళ్ల వరండాల్లో, ఆఫీసుల్లో కనిపించేవి చాలావరకు ఇవే. మనవాళ్లకు మొక్కలంటే గుర్తొచ్చేది కడియపులంక. గోదావరి గట్టున ఉన్న ఆ నర్సరీల నుంచి లారీల కొద్దీ మొక్కలు దేశమంతా వెళ్తాయి. అక్కడా నాజూకు మొక్కలన్నీ షేడ్ నెట్ కిందే పెరుగుతాయి.

18వ శతాబ్దంలో ఐరోపా సంపన్నులు అనాస పండించడానికి అద్దాల గదులు కట్టి, వాటిని వెచ్చబెట్టడానికి ఏడాది పొడవునా తిప్పలు పడేవారు. గంపలగూడెంలో వెచ్చదనానికి కొదవ లేదు. ఇక్కడ పని ఎండను సగానికి తగ్గించి గాలి ఆడనివ్వడం. ఐరోపా పనితో పోలిస్తే ఇది చవక.

మామిడి నీడ పనికిరాదా?

మామిడి తోటలున్న చోట వేరే నీడ ఎందుకని అడగవచ్చు. నూజివీడు, తిరువూరు ప్రాంతమంతా బంగినపల్లి, కలెక్టరు, రసాల తోటలే. కానీ మామిడి కింద నీడ మరీ చిక్కన. పైగా పూత వేళ తేనెమంచు పురుగు పడితే జిగురు కిందికి కారుతుంది, దానిమీద మసి పడుతుంది. పురుగుకూ తెగులుకూ కొట్టే మందులు కింది మొక్కల మీదే రాలతాయి. మామిడికి విరివిగా వాడే రాగి మందులు, అంటే కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం వంటివి బ్రొమీలియాడ్లకు విషంతో సమానం. కాబట్టి పందిరి తోటకు పక్కన, మందు పిచికారీ గాలికి ఎదురుపడని వైపు వేసుకోవాలి. పెరట్లో మామిడి చెట్టు ఉంటే టిలాండ్సియాను కొమ్మకు కట్టి చూడొచ్చు, మందు కొట్టే రోజుల్లో తీసి లోపల పెట్టగలిగితేనే.

ఒక్క చుట్టతో పందిరి

నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి మొదలుపెట్టడానికి 9 మీటర్ల పొడవు, 6 మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు చాలు. సెంటున్నర కంటే తక్కువే పడుతుంది. షేడ్ నెట్ సాధారణంగా 3 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు చుట్టగా వస్తుంది. పైకప్పుకు రెండు పట్టీలు, 18 మీటర్లు. చుట్టూ 30 మీటర్లు. ఒక్క చుట్టలోనే పని అయిపోతుంది. స్తంభాలు మూడేసి మీటర్ల దూరంలో నిలిపితే 12 సరిపోతాయి. జీఐ పైపులైతే ఏళ్ల తరబడి ఉంటాయి. సరుగుడు బాదులు, వెదురు చవక, కాకపోతే మట్టిలో ఉండే భాగానికి చెద పడుతుంది. ఆ మొదలుకు తారు పూయడం పాత పద్ధతే. రాగి కలిపిన మందుతో శుద్ధి చేసిన కర్ర మాత్రం వద్దు. వానకు అది కరిగి కుండీల్లో పడుతుంది.

స్తంభం రెండడుగులు పాతిపెట్టి, పైన కనీసం పదడుగులు వదలాలి. ఎత్తు తగ్గితే వేడిగాలి మొక్కల నెత్తినే నిలుస్తుంది. మూలల్లో బయటికి లాగి కట్టే తీగలు మర్చిపోకూడదు. మే నెల గాలిదుమారానికి ముందు లేచిపోయేది సరిగా బిగించని నెట్టే. పైపు కొనలకు పాత సైకిల్ ట్యూబు చుడితే నెట్ చిరగదు. పడమర, దక్షిణం వైపులు పూర్తిగా మూసి, తూర్పు, ఉత్తరం వైపుల్లో కింద అడుగున్నర వదిలితే గాలి లోపలికి వస్తుంది.

ఏ నెట్ కొనాలన్నది తర్వాతి ప్రశ్న. 50 శాతం అంటే సగం వెలుతురు ఆపుతుందని అర్థం. నియోరెజీలియా, ఈక్మియాలకు అది సరిపోతుంది. నీడ మరీ ఎక్కువైతే వాటి రంగు పోయి ఆకులు పచ్చగా, పొడుగ్గా సాగుతాయి. గుజ్మానియాకు, దాని దగ్గరి చుట్టమైన వ్రీసియాకు 70 నుంచి 75 శాతం నీడ కావాలి. వాటి మూలన రెండో 50 శాతం నెట్ వేస్తే మిగిలిన సగంలో సగం ఆగుతుంది, మొత్తం నీడ 75 శాతం అవుతుంది. ఈ రెండో పొర మార్చి నుంచి తొలకరి దాకా పందిరంతా పరిచి, వానలు పడ్డాక తీసేయడం మంచిది. రంగుల్లో నలుపు నెట్ మేలు. ఆకుపచ్చ నెట్ కంటికి బాగుంటుంది కానీ, మొక్క తక్కువగా వాడుకునే ఆకుపచ్చ వెలుతురునే ఎక్కువగా లోపలికి పంపుతుంది. యూవీ రక్షణ లేని చవక రకం మన ఎండకు ఏడాది తిరిగేసరికి పొడిపొడి అవుతుంది.

నేల మీద కలుపు రాకుండా మ్యాట్ పరిచి పైన కంకర పోయాలి. కుండీలు నేల మీద కాకుండా మోకాలికి పైన బల్లల మీద ఉండాలి. కుండీలో మట్టి వద్దు. కొబ్బరి డొక్కల ముక్కలు, బొగ్గు, ఇటుక ముక్కలు కలిపితే చాలు. కోకోపీట్ వాడితే ఉప్పు పోయేదాకా కడగాలి. మిర్చి నారు పెంచేవాళ్లకు ఈ పాఠం చెప్పక్కర్లేదు.

నీళ్లు, దోమలు

ఈ కుటుంబంలో చాలా మొక్కలు వేళ్ల కంటే ఆకుల మీద ఎక్కువ ఆధారపడతాయి. ఆకుల నడుమ ఏర్పడిన గిన్నెలో నీళ్లు నిలుస్తాయి, ఆకుల మొదట్లో ఉండే సన్నటి పొలుసులు ఆ నీటినీ పోషకాలనూ పీల్చుకుంటాయి. టిలాండ్సియా అయితే మొత్తం ఆకులతోనే బతుకుతుంది. అనాస, టిలాండ్సియాలో ఎక్కువ రకాలు, నియోరెజీలియా రాత్రిపూటే ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటాయి. పగటి ఎండకు నీరు పోగొట్టుకోవు. గుజ్మానియాలో చాలా రకాలకు ఈ ఏర్పాటు లేదు. వడగాలికి ముందుగా వాడిపోయేది అదే. కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టకపోవడం మంచిది.

మే నెల వడగాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫాగర్లు బాగా పనిచేస్తాయి. పొడిగాలిలో నీటి తుంపర త్వరగా ఆవిరై వేడిని లాక్కుంటుంది. అదే ఆగస్టులో తేమ ఎక్కువ, ఫాగర్ వేస్తే చల్లదనం రాదు, కుళ్లు వస్తుంది. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువైతే ఆకుల మీద తెల్లమచ్చలు తేలతాయి, గిన్నెలో పేరుకుపోతాయి. వాన నీళ్లు ఒక డ్రమ్ములో మూతపెట్టి దాచుకోవడం అన్నిటికంటే చవకైన మందు.

దోమల మాట దాటవేయకూడదు. ఆకు గిన్నెల్లో నిలిచిన నీటిలో డెంగీ వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది. ఫ్లోరిడాలో ఈ మొక్కలు పెంచేవాళ్లకు ఆరోగ్యశాఖ హెచ్చరికలు మామూలే. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. మన దగ్గర శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది అందుకే. ఆ రోజే పైపుతో ప్రతి గిన్నెనూ బలంగా కడిగి పాత నీళ్లు పోయేలా చేస్తే మొక్కకూ మేలు, వీధికీ మేలు. ఈ పని చేసే మనిషి లేకపోతే పందిరి కట్టకపోవడమే నయం.

పిలకల పంచాయితీ

ఈ సరదా ఒక్కరితో ఎందుకు నిలవదో మొక్క నైజమే చెబుతుంది. బ్రొమీలియాడ్ అరటి లాంటిది. తల్లి ఒక్కసారే పూస్తుంది, తర్వాత ఏడాది, రెండేళ్లలో మెల్లగా ఎండిపోతుంది. పోయేలోపు చుట్టూ రెండు నుంచి నాలుగైదు పిలకలు పెడుతుంది. పిలక తల్లిలో మూడో వంతు నుంచి సగం దాకా ఎదిగాక కోసి విడిగా పెట్టాలి. ఒక్క మొక్క కొన్నవాడికి కొన్నేళ్లకు అదే మొక్క పది అవుతుంది, కొత్త రకం ఒక్కటీ రాదు. పక్కింటివాడి దగ్గర వేరే రకం ఉంటే ఇద్దరికీ రెండు. 1950లో అమెరికాలో మొదలైన బ్రొమీలియాడ్ సొసైటీ, ఆ తర్వాత పలు దేశాల్లో పుట్టిన సంఘాలు నడిచింది ఈ పిలకల ఇచ్చిపుచ్చుకోవడం మీదే.

ఉమ్మడి పందిరికి రెండు మూడు కట్టుబాట్లు చాలు. ప్రతి కుండీకి పేరు, తేదీ రాసిన చీటీ ఉండాలి. మొదటి పిలక మొక్క తెచ్చినవాళ్లది, రెండోది పందిరిది. కొత్త మొక్క వస్తే రెండు మూడు వారాలు విడిగా పెట్టి, పిండినల్లి, పొలుసు పురుగు లేవని తేలాకే లోపలికి తేవాలి. మిర్చి నారు మొదలయ్యే జూన్‌కు బల్లలు ఒక వైపుకు జరగాలి. నారుకూ వీటికీ ఒకే పిచికారీ పంపు వాడకూడదు.

పూత ఆలస్యమైతే మామిడి ఊరికి ఒక సౌలభ్యం ఉంది. పండే పండు ఇథిలీన్ వాయువు వదులుతుంది. ఎదిగిన మొక్క గిన్నెలో నీళ్లు వంపేసి, ప్లాస్టిక్ సంచిలో పండిన యాపిల్‌తో కలిపి వారం పది రోజులు కట్టిపెడితే కొన్ని నెలల్లో కంకి వస్తుంది. మాగిన మామిడిపండు నుంచి వచ్చేదీ అదే వాయువు. అనాస రైతులు తోటంతా ఒకేసారి పూయడానికి ఎథ్రెల్ కొట్టేదీ ఇదే సూత్రం మీద.

ఖర్చు, సాయం

కేంద్ర ఉద్యాన మిషన్ 2014 నిబంధనల ప్రకారం వెదురు షేడ్ నెట్‌కు చదరపు మీటరుకు 360 రూపాయలు, ఇనుప పైపుల నిర్మాణానికి 710 రూపాయలు ఖర్చుగా లెక్కించి సగం రాయితీ ఇచ్చేవారు. వెదురు యూనిట్ 200 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఐదు సెంట్లు మించకూడదన్న నిబంధన ఉండేది. ఆ లెక్కన 72 వేల రూపాయల పందిరికి 36 వేలు రాయితీ. తర్వాత రేట్లు మారాయి కాబట్టి తాజా వివరాలు రైతు సేవా కేంద్రంలో, ఉద్యాన అధికారి దగ్గర అడగాలి. ఈ సాయం ఉద్యాన పంటలు పండించే రైతుకు. సరదా మొక్కల కోసమే కడతామంటే రాదు. మిర్చి, కూరగాయల నారు పెంచే రైతు తన పందిరిలో ఒక వరుస మనకు వదిలితే అందరికీ లాభం. మొక్కలు అమ్మకానికి పెడితే 2010 నాటి నర్సరీల చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి కూడా అక్కడే అడిగి తెలుసుకోవాలి.

ఇందులో లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇది పంట కాదు, ఖాళీ నీడకు దొరికిన పని. కొత్తగా ఏమీ కట్టకుండానే మొదలుపెట్టవచ్చు. ఈ వేసవిలో తిన్న అనాసపండు పైకుచ్చు పారేయకుండా నాలుగు రోజులు ఆరనిచ్చి, కొబ్బరి పీచు నింపిన కుండీలో పెట్టండి. అది నిలిస్తే సెప్టెంబరులో, నారు అమ్ముడయ్యాక, ఖాళీ పందిరి ఉన్న రైతును కలిసి ఒక వరుస అడగండి.