పాత గుడికి పునర్జన్మ.. మిల్లుల అధిపతి కస్తూర్‌భాయి బాట

ఊళ్లో పాత ఆలయం శిథిలావస్థకు చేరితే పెద్దలు కమిటీగా ఏర్పడతారు. చందాలు వసూలవుతాయి, దాతలు ముందుకొస్తారు. సంకల్పం మంచిదే. అయితే పని పూర్తయ్యాక చూస్తే రాతి స్తంభాలకు ఎనామిల్ రంగులు, గర్భాలయం గోడలకు మెరిసే పలకలు కనిపిస్తాయి. శతాబ్దాల నాటి శాసనం గ్రానైట్ పరుపు కిందకు వెళ్లిపోతుంది. మన జిల్లాల్లో ఈ దృశ్యం కొత్త కాదు. ఉన్నదాన్ని చెరిపి కొత్తది కట్టడాన్ని జీర్ణోద్ధరణ అనవచ్చా? ఈ ప్రశ్నకు అహ్మదాబాద్‌కు చెందిన ఒక వ్యాపారి తన జీవితంతో సమాధానం చెప్పారు. ఆయనే కస్తూర్‌భాయి లాల్‌భాయి. రాజస్థాన్, గుజరాత్‌లకు యాత్రకు వెళ్లిన తెలుగువారు మౌంట్ ఆబూలోని దిల్వారా ఆలయాలను, రాణక్‌పూర్‌ను చూసి అబ్బురపడుతుంటారు. ఆ శిల్పాలు నేటికీ అలా నిలవడం వెనుక ఆయన దశాబ్దాల కృషి ఉంది.

పదిహేడేళ్లకే మిల్లు బాధ్యత

కస్తూర్‌భాయి 1894 డిసెంబరు 19న అహ్మదాబాద్‌లో సంపన్న జైన కుటుంబంలో జన్మించారు. మొగలుల కాలంలో పేరొందిన నగల వర్తకుడు శాంతిదాస్ జవేరి ఈ వంశానికి మూలపురుషుడు. 1912లో తండ్రి లాల్‌భాయి దల్పత్‌భాయి మరణించడంతో కస్తూర్‌భాయి కళాశాల చదువు మధ్యలోనే ఆగిపోయింది. అప్పటికి ఆయన వయసు పదిహేడేళ్లు. రాయ్‌పూర్ మిల్లు బాధ్యత భుజాన పడింది. పత్తి నాణ్యతను కంటితో పోల్చుకోవడం మొదలుకొని లెక్కల వరకు అన్నీ స్వయంగా నేర్చుకున్నారు. 1920లో అశోకా మిల్లు, 1931లో అర్వింద్ మిల్లు వెలిశాయి. 1947లో రంగులు, రసాయనాల తయారీకి అతుల్ సంస్థ పుట్టింది. వల్సాడ్ సమీపంలోని ఆ కర్మాగారాన్ని 1952లో నాటి ప్రధాని నెహ్రూ ప్రారంభించారు.

సంపాదించినదానిలో పెద్ద భాగం చదువుకు వెళ్లింది. తండ్రి పేరిట 1948లో ఎల్.డి. ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడింది. జౌళి పరిశోధన సంస్థ అటిరా స్థాపనలోను, 1961లో ఐఐఎం రాకలోను విక్రమ్ సారాభాయితో కలిసి పనిచేశారు. జైన పండితుడు ముని పుణ్యవిజయజీ సేకరించిన వేలాది తాళపత్ర, కాగిత ప్రతులను భద్రపరచడానికి ఎల్.డి. భారతీయ విద్యా మందిరాన్ని నెలకొల్పారు. 1969లో ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించింది.

పేఢీ పెద్దగా అర్ధశతాబ్దం

శ్వేతాంబర జైనుల ప్రముఖ క్షేత్రాలు పలింటిని ఆనంద్‌జీ కల్యాణ్‌జీ పేఢీ చూసుకుంటుంది. పేఢీ అంటే గుజరాతీ వ్యాపారుల వాడుకలో దుకాణం, కార్యాలయం. పేరు చూసి ఎవరో ఇద్దరు వ్యక్తులది అనుకుంటారు కానీ, ఇది సంఘానికి చెందిన ధర్మసంస్థ. ఆనందం, కల్యాణం అన్న మాటలే ఆ పేరులో ఉన్నాయి. 1920ల నుంచి 1970ల దాకా దాదాపు అర్ధశతాబ్దం కస్తూర్‌భాయి దీనికి పెద్దగా వ్యవహరించారు.

ఆదిలోనే పెద్ద పరీక్ష ఎదురైంది. పాలీతానా సంస్థానంలోని శత్రుంజయ గిరి జైనులకు పరమ పవిత్రం. యాత్రికుల రక్షణ పేరిట సంస్థానానికి ఏటా రూ.15 వేలు చెల్లించే నలభై ఏళ్ల ఒప్పందం 1926లో ముగిసింది. సంస్థానం అంతకు మించి కోరింది. జైన సంఘం యాత్రనే మానుకుంది. రెండేళ్లు కొండ బోసిపోయింది. చివరకు 1928లో వైస్రాయ్ ఇర్విన్ మధ్యవర్తిత్వంలో ఏటా రూ.60 వేలకు రాజీ కుదిరింది. సంఘం తరఫున మాట్లాడినవారిలో కస్తూర్‌భాయి ముఖ్యులు.

రాణక్‌పూర్‌తో శ్రీకారం

ఆరావళి లోయలోని రాణక్‌పూర్ ఆలయాన్ని పదిహేనవ శతాబ్దంలో రాణా కుంభుని కాలంలో ధరణా షా అనే జైన శ్రేష్ఠి కట్టించారు. 1,444 స్తంభాల ఆలయంగా ఇది ప్రసిద్ధి. కాలక్రమంలో పరిసరాలు నిర్జనమై ఆలయం జీర్ణించింది. 1930లలో పేఢీ ఇక్కడ పని చేపట్టింది. పూర్తి కావడానికి పదేళ్లకు పైగా పట్టింది.

తర్వాత దిల్వారా వంతు. ఇక్కడి విమల వసహి 1031 నాటిది, లూణ వసహి 1230 నాటిది. మైనంతో మలిచారా అనిపించే పాలరాతి పనితనం వీటి సొత్తు. విరిగిన దూలాలు, పగిలిన తోరణాల స్థానంలో ఏ రాయి వాడాలన్నది మొదటి సమస్య. రాయి వేరైతే రంగు కలవదు, బిగువు కలవదు, ఎండకూ చలికీ రెండూ ఒకే తీరున స్పందించవు. అంబాజీ ప్రాంతపు కొండల నుంచి పాలరాయి తెప్పించారు. స్థపతి అమృతలాల్ మూల్‌శంకర్ త్రివేది పర్యవేక్షించారు. 1950లలో మొదలైన పనికి దాదాపు పద్నాలుగేళ్లు పట్టింది. తారంగా, కుంభారియా ఆలయాలకూ మరమ్మతులు జరిగాయి.

వీటికి చెమటోడ్చినవారు సోమపురా శిల్పులు. గుజరాత్, రాజస్థాన్‌లలో తరతరాలుగా ఆలయ నిర్మాణమే వృత్తిగా గల వర్గం ఇది. 1951లో ప్రతిష్ఠ జరిగిన కొత్త సోమనాథ ఆలయ రూపకర్త ప్రభాశంకర్ సోమపురా ఈ వర్గంవారే. అయోధ్య రామాలయ నమూనా రూపొందించిన చంద్రకాంత్ ఆయన మనుమడు. కొత్త గుడుల పని తగ్గిన కాలంలో ఏళ్ల తరబడి సాగిన మరమ్మతులు చేతి నైపుణ్యానికి పని కల్పించాయి. గుడి నిలవాలంటే ఉలి పట్టే చేయి నిలవాలి.

తొలగించడమూ ఉద్ధరణే

శత్రుంజయంపై ఎదురైన చిక్కు వేరు. మూడు వేలకు పైగా మెట్లెక్కి చేరే ప్రధాన ఆదీశ్వరాలయం చుట్టూ భక్తులు తరతరాలుగా చిన్న చిన్న గూళ్లు, గుళ్లు కట్టించి విగ్రహాలు నిలుపుతూ వచ్చారు. పైన సున్నపు పూత చేరింది. అసలు ఆలయపు శిల్పమే కనబడకుండా పోయింది. వాటిని తీయాలంటే పూజలందుకుంటున్న విగ్రహాలను కదిలించాలి. విశ్వాసులకు ఇది చిన్న మాట కాదు. కొత్త నిర్మాణంలో వాటికి చోటు కల్పించి, 1976లో వందలాది విగ్రహాలను అక్కడ పునఃప్రతిష్ఠించారు. కప్పివేసినవి తొలగడంతో పాత గోడల చెక్కడాలు మళ్లీ వెలుగు చూశాయి.

సున్నపు పొరల కింద శిల్పం దాగడం ఒక్క పాలీతానాలోనే జరగలేదు. మనవారు తరచూ దర్శించే పూరీ జగన్నాథాలయంపై ఉన్న పొరలను కూడా 1975 నుంచి పురావస్తు శాఖ ఒలిచింది. సున్నం తేమ నుంచి రాయిని కాపాడుతుందని పూర్వులు వేశారు. ఏటేటా వేసిన పూతలు మందమై చెక్కడాలను పూడ్చేశాయి. సిమెంటు, ఎనామిల్ రంగుల కీడు ఇంకా ఎక్కువ. ఇవి రాతిలోని చెమ్మను బయటకు పోనీయవు. లోపల నిలిచిన చెమ్మ, లవణాలు రాతి పైపొరను పొట్టులా రాల్చేస్తాయి. రాళ్లను కలపడానికి పెట్టే ఇనుప బద్దలూ తుప్పు పట్టి ఉబ్బి రాతిని చీలుస్తాయి.

భిన్నాభిప్రాయం లేకపోలేదు

దిల్వారా పనిని అందరూ ఒకే దృష్టితో చూడరు. పాత భాగంలో కొత్త రాయి పెడితే తేడా తెలియాలని 1964 నాటి వెనిస్ ఒప్పందం చెబుతుంది. లేకుంటే పదకొండో శతాబ్దపు ఉలి ఏదో, ఇరవయ్యో శతాబ్దపు ఉలి ఏదో రేపటి చరిత్రకారునికి అంతుబట్టదు. పేఢీ శిల్పులు మాత్రం పాతదానితో కలిసిపోయేలా చెక్కారు. ఆలయం పూజ నడిచే చోటు, వస్తుప్రదర్శనశాల కాదు కాబట్టి అందులో అంగహీనత ఉండరాదన్నది సంప్రదాయ వాదం. రెండు వాదాల్లోనూ బలముంది. రెండూ అంగీకరించేది ఒక్కటే.. పనికి ముందు ఉన్నదాన్ని చక్కగా తెలుసుకోవాలి.

మనకేమిటి పాఠం?

చెరువు, వనం, ఆలయం వంటివాటిని మన పెద్దలు సప్తసంతానాలలో చేర్చారు. కన్నబిడ్డలతో సమానంగా అవి పేరు నిలుపుతాయని నమ్మిక. కొత్త గుడి కట్టడం కన్నా పాతదాన్ని నిలబెడితే ఎనిమిది రెట్ల పుణ్యమని జైనులు చెప్పుకుంటారు. కస్తూర్‌భాయి ఆ మాటకు వ్యాపారి క్రమశిక్షణను జోడించారు. అనుభవమున్న స్థపతిని ఎంచుకున్నారు, తగిన రాయి తెప్పించారు, తొందరపెట్టలేదు.

తొందర పనికిరాదనడానికి మన కళ్లెదుట సాక్ష్యమే ఉంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో భక్తులకు అందుబాటులోకి తెచ్చారు. ఆలస్యంపై విమర్శలు వచ్చిన మాట నిజమే. ఆ స్తంభాలు నేడు మళ్లీ నిలబడి ఉన్న మాటా నిజమే.

పురావస్తు శాఖ రక్షణ లేని ఆలయాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటికి కమిటీలే దిక్కు. పని మొదలుపెట్టే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయించడం, శాసనాలుంటే నకలు రాయించడం, ఊడిన ప్రతి రాయికీ సంఖ్య వేయడం ఖర్చుతో కూడిన పనులు కావు. సిమెంటుకు బదులు సున్నం, బెల్లం, కరక్కాయ మేళవించే పనివాళ్లను వెతకడం కొంత కష్టమైనా అసాధ్యం కాదు. దాత పేరు వేయాల్సి వస్తే ప్రాకారం బయట ఒక్క పలక చాలు.

1977 జనవరిలో, 82 ఏళ్ల వయసులో కస్తూర్‌భాయి వ్యాపార బాధ్యతల నుంచి పూర్తిగా తప్పుకొన్నారు. మిగిలిన కాలాన్ని సమాజ సేవకు, విద్యకు కేటాయించి 1980 జనవరి 20న కన్నుమూశారు. పేఢీ పెద్దరికం తర్వాత ఆయన కుమారుడు శ్రేణిక్‌భాయి చేతికి వచ్చింది. ఆయన పెంచిన వస్త్ర పరిశ్రమ మార్కెట్‌తో పాటు ఎన్నో ఒడిదొడుకులు చూసింది. దిల్వారా కప్పు కింద తలెత్తి నిలబడే యాత్రికునికి మాత్రం ఆయన పేరు తట్టదు. విమలుడు, వస్తుపాల తేజపాలురు కట్టించిన గుడులనే చూస్తాడు. జీర్ణోద్ధరణ సవ్యంగా జరిగిందనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు.