రైలుపట్నంలో రెండు రోజుల సభ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. విద్వత్సభ నిర్వహించి చూడు అని వారు చేర్చలేదు గాని, ఆ భారం నెత్తిన వేసుకున్నవారికి ఆ లోటు బాగా తెలుస్తుంది. పెళ్లికి వచ్చినవారందరూ ఒక జంటను చూడటానికి వస్తారు. విద్వత్సభలో పత్రం చదవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ తన పత్రమే పెళ్లి.

అట్టి సభ ఒకటి 1955 నవంబరు 1, 2 తేదీలలో పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరులో జరిగింది. సైద్ధాంతిక, అనువర్తిత యాంత్రిక శాస్త్రానికి మన దేశంలో అది ప్రథమ మహాసభ. పేరు బరువుగా ఉన్నా విషయం సామాన్యమైనదే. బలాల ఒత్తిడికి వస్తువులు ఎట్లా వంగుతాయి, ద్రవాలు ఎట్లా ప్రవహిస్తాయి, ఉక్కుకడ్డీ ఎప్పుడు విరుగుతుంది అని విచారించే శాస్త్రమది. వంతెన కట్టే ఇంజనీరూ, సమీకరణాలు సాధించే గణితజ్ఞుడూ, విమానం రెక్కను పరీక్షించేవాడూ, అందరూ ఈ శాస్త్రానికి చుట్టాలే. కాని చుట్టాలు ఒక పందిట్లో కలుసుకోవడం అరుదు. ఎవరి శాఖ వారిది, ఎవరి పత్రిక వారిది.

వారిని ఒకచోట చేర్చాలన్న సంకల్పం ఆచార్య భోజరాజ్ సేఠ్‌ది. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. ఆరంభ దశలోనే గణితశాఖకు అధిపతిగా వచ్చిన ఈయన, 1935లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో స్థితిస్థాపక వస్తువుల పెద్ద వికృతులను గురించి ప్రకటించిన పత్రంతో అప్పటికే పేరు పొందినవారు. ఆయన పనిచేస్తున్న విద్యాసంస్థకు మాత్రం అప్పటికి నాలుగేళ్ల వయస్సే. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ ప్రారంభించిన ఆ సంస్థ హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో పుట్టింది. 1931 సెప్టెంబరులో పోలీసు కాల్పులకు ఇద్దరు రాజకీయ ఖైదీలు నేలకొరిగిన చోటది.

ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూరు, బెంగాల్ నాగపూర్ రైల్వే పెంచి పోషించిన పట్నం. వాల్తేరు నుంచి కటకం వరకు గల తూర్పుతీరపు మార్గం 1902లో ఆ రైల్వేలో కలిసింది. అప్పటినుంచి మన ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో అక్కడి వర్క్‌షాపును నమ్ముకుని వెళ్లి స్థిరపడ్డాయి. 1927లో ఆ కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినవారిలో మన వి.వి. గిరిగారు ఒకరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటు కల్పించిందంటే, అందుకు ఖరగ్‌పూరు తెలుగువారే ముఖ్య కారణం.

యాంత్రిక శాస్త్రానికి రైలుపట్నం తగిన విడిది అనడంలో అతిశయోక్తి లేదు. 1842లో పారిస్ సమీపాన ఒక రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. చూడటానికి గట్టిగా ఉన్న ఉక్కు, పదేపదే మారే బరువుకు అలసి, ఒకనాడు ఉన్నట్టుండి ఎందుకు విరుగుతుంది? ఈ ప్రశ్నకు ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి ఇరుసులను పరీక్షించి సమాధానం వెదికాడు. లోహపు అలసటను గురించిన శాస్త్రం రైలు చక్రాల నడుమనే పుట్టింది.

ఈ శాస్త్రజ్ఞుల సభలకు మరొక చరిత్ర ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసినా శాస్త్రజ్ఞుల మధ్య వైరం చల్లారలేదు. అధికారిక అంతర్జాతీయ సంఘాలు జర్మన్లను దూరంగా ఉంచాయి. అప్పుడు థియొడోర్ వాన్ కార్మాన్, ఇటలీ గణితజ్ఞుడు లెవీ చివిటా మొదలైనవారు ప్రభుత్వాల ప్రమేయం లేకుండా స్వంత హోదాలో ఉత్తరాలు వ్రాసి, 1922లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఒక చిన్న సమావేశం జరిపారు. దాని ఫలితంగా 1924లో హాలండులోని డెల్ఫ్ట్ నగరంలో తొలి అంతర్జాతీయ మహాసభ జరిగింది. అంతటికీ ముందు కొన్ని ఉత్తరాలు! ఆహ్వానమే సభకు పునాది అని నిర్వాహకులు తరచు మరచిపోతారు.

ఇట్టి సభకు కావలసిన ఏర్పాట్లు ఏమిటి? పత్రాల కోసం ప్రకటన నెలల ముందే వెలువడాలి. వచ్చిన సారాంశాలను ఆ విషయం తెలిసిన పరిశీలకులకు పంపి, అభిప్రాయాలు తెప్పించి, అంగీకారమో తిరస్కారమో సకాలంలో తెలియజేయాలి. కాలేజీ సెలవు మంజూరు కావాలన్నా, రైలు టిక్కెట్టు దొరకాలన్నా ప్రతినిధికి ఆ ఉత్తరమే ఆధారం. విద్యార్థులు సెలవులకు వెళ్లిన సమయమైతే వసతిగృహాలు విడిదిగా ఉపకరిస్తాయి. స్టేషనుకు వాలంటీర్లు వెళ్లాలి. ఖరగ్‌పూరులో అయితే ఇద్దరు ముగ్గురు చాలరు. 2013 వరకు ప్రపంచంలో కెల్లా పొడవైనదని పేరు పొందిన అక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. చివరి పెట్టెలోనుంచి దిగిన ఆచార్యుణ్ణి గేటు దగ్గర నిలబడి వెదికితే ఏం లాభం?

కాని భోజనం, పడక, బండి ఇవన్నీ డబ్బుతో, ఓపికతో సమకూరేవి. నిజమైన కష్టం కాలాన్ని పంచడంలో ఉన్నది. రెండు రోజుల సభలో పని జరిగేది గట్టిగా పన్నెండు గంటలు. స్వాగతోపన్యాసం, జ్యోతి ప్రజ్వలన, సందేశాల పఠనం, వందన సమర్పణ తమ వాటాను నిర్మొహమాటంగా తీసుకుంటాయి. మిగిలిన దానిలో ఒక్కొక్క పత్రానికి పదిహేను నిమిషాలు దక్కితే గొప్ప. అందులో ఐదు నిమిషాలు ప్రశ్నలకు విడిచిపెట్టకపోతే ఆ పత్రాన్ని తపాలాలో పంపినా సరిపోయేది.

ఒకసారి ఒక నగరంలో జరిగిన సదస్సుకు నేను శ్రోతగా వెళ్లాను. ఉదయపు గోష్ఠిలో ఒక పెద్దమనిషి పన్నెండు నిమిషాలకు గాను నలభై నిమిషాలు మాట్లాడారు. అధ్యక్షులవారు మొహమాటస్థులు, గంట చేతిలోనే ఉన్నా మ్రోగించలేదు. జాబితాలో చివరి పేరు ఒక పరిశోధక విద్యార్థినిది. రెండు రాత్రులు రైలులో కూర్చుని వచ్చిన ఆమెకు వేదికపై శీర్షిక చదివే అవకాశం మాత్రమే మిగిలింది. భోజనాల వేళ ఆమె తన కాగితాలను నీటుగా మడిచి సంచిలో పెట్టుకుంటుంటే చూశాను. మన అవధాన సభలే నయమనిపించింది. అక్కడ పృచ్ఛకుల వంతులను సంచాలకుడు తప్పనివ్వడు.

ఖరగ్‌పూరులోనే మరొక ప్రయోగం జరిగింది. ఐ.ఇ.ఇ.ఇ. అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఆధ్వర్యాన ‘విద్యార్థుల సాంకేతిక సదస్సు’ను అక్కడి విద్యార్థులే 2010, 2011, 2014, 2016 సంవత్సరాలలో నిర్వహించారు. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు పత్రాలు పిలిపించి అచ్చుకు సిద్ధం చేయడం మెచ్చుకోదగినదే. అయితే విద్యార్థుల సభలన్నిటికీ ఒక చిక్కు సహజం. పని నేర్చిన జట్టు మరుసటి ఏడు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతుంది. ఏ పరిశీలకుడు వేళకు జవాబిస్తాడు, ఏ హాలులో మైకు మొరాయిస్తుంది అన్న సంగతులు వారితోనే పోతాయి. కొత్త జట్టు మళ్లీ ఓనమాలు దిద్దాలి.

1955 నాటి సభ ఈ చిక్కును తప్పించుకున్నది. వచ్చినవారు చదివి, విని, చెదిరిపోలేదు. ఆ ఏడే భారతీయ సైద్ధాంతిక, అనువర్తిత యాంత్రిక శాస్త్ర సంఘం ఏర్పడింది. సభ్యుల జాబితా, లెక్కల పుస్తకం, మరుసటి సభ బాధ్యత ఆ సంఘానికి సంక్రమించాయి. సేఠ్ 1979లో కన్నుమూశారు, సభలు ఆగలేదు. 60వ మహాసభ 2015 డిసెంబరులో జైపూరులో జరిగింది.

ఖరగ్‌పూరు సభలో చదివిన పత్రాలు ఒక సంపుటంగా అచ్చయినాయి. ఆ తరువాత వెలువడిన పరిశోధన వ్యాసాల అడుగున, ఆధార గ్రంథాల వరుసలో, పెద్ద పెద్ద నగరాల పేర్ల నడుమ ‘ప్రథమ మహాసభ, ఖరగ్‌పూరు, 1955’ అన్న చిన్న పంక్తి అప్పుడప్పుడు కనిపిస్తుంది.