యానీ అవార్డ్స్ అంటే ఏంటి..? ఆస్కార్ సినిమాకి ఇస్తే.. వీళ్లు పులిని నడిపించినోళ్లకి ఇస్తారు!

'మహావతార్ నరసింహ' థియేటర్లలో దుమ్ము రేపాక మన జనం యానిమేషన్ సినిమాని చూసే చూపే మారిపోయింది. బొమ్మల సినిమా అంటే పిల్లలకే అనుకున్నోళ్లు ఇంటిల్లిపాదీ వెళ్లి చూసొచ్చారు. 2025 నవంబర్‌లో ఆస్కార్ యానిమేషన్ విభాగానికి అర్హత పొందిన 35 సినిమాల లిస్టులో ఆ పేరు కనిపించగానే సోషల్ మీడియాలో సంబరాలు మొదలయ్యాయి. అర్హత వేరు, నామినేషన్ వేరు అని ఎవరైనా చెప్పినా వినే మూడ్‌లో ఎవరూ లేరు. సరే, ఆ చర్చ పక్కన పెడదాం.

యానిమేషన్ వాళ్లకి వాళ్ల సొంత పండగ ఒకటుంది. దాని గురించి మన దగ్గర మాట్లాడుకునేది చాలా తక్కువ. అవే యానీ అవార్డ్స్. ప్రతి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో, సాధారణంగా ఆస్కార్‌కి కొన్ని వారాల ముందు జరుగుతాయి. ఇంతకీ ఎవరిస్తారు? ఎవరికిస్తారు? ఇందులో హైదరాబాద్‌కి ఉన్న లింకేంటి?

పేరు వెనుక ఓ గొంతు

ఈ అవార్డులు ఇచ్చేది అసీఫా-హాలీవుడ్ అనే సంస్థ. అంతర్జాతీయ యానిమేషన్ సంఘానికి ఇది లాస్ ఏంజెలెస్ శాఖ అన్నమాట. ఆలోచన మాత్రం జూన్ ఫోరే అనే డబ్బింగ్ ఆర్టిస్ట్‌ది. పేరు తెలియకపోయినా ఆవిడ గొంతు మీరు వినే ఉంటారు. ట్వీటీ పిట్ట కార్టూన్లలో సిల్వెస్టర్ పిల్లిని గొడుగుతో బాదే గ్రానీ గుర్తుందా? ఇంగ్లిష్‌లో ఎన్నో ఏళ్లు ఆ బామ్మ గొంతు ఆవిడదే. ఎగిరే ఉడుత రాకీ గొంతు కూడా ఆవిడదే.

కార్టూన్లు గీసి జీవితాలు ధారపోసినోళ్లు ముసలివాళ్లైపోతున్నారు, వాళ్లని పిలిచి దండేసేవాళ్లు లేరు అన్నది ఆవిడ బాధ. అలా 1972లో మొదటి వేడుక జరిగింది. మొట్టమొదటి సన్మానం మ్యాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ అన్నదమ్ములకి. పొపాయ్‌ని తెర మీదికి తెచ్చింది, బెట్టీ బూప్‌ని పుట్టించింది వీళ్ల స్టూడియోనే. యానిమేషన్ అవార్డు కాబట్టి 'యానీ' అంటే సరిపోతుంది కదా అని పేరు సూచించింది ఫోరే భర్త హోబర్ట్ డోనవాన్. అంత సింపుల్‌గా తేలిపోయింది.

ట్రోఫీ కూడా వెరైటీగా ఉంటుంది. చేతిలో కత్తి పట్టుకున్న బంగారు మనిషి కాదు, జోట్రోప్ ఆకారం. అంటే గుండ్రటి డబ్బా.. దాని చుట్టూ సన్నటి చీలికలు, లోపల వరుసగా బొమ్మలు. డబ్బాని గిర్రున తిప్పి చీలికలోంచి చూస్తే లోపలి బొమ్మ కదులుతున్నట్టు కనిపిస్తుంది. సినిమా పుట్టకముందు జనం ఆడుకున్న బొమ్మ ఇది.

మొదటి ఇరవై ఏళ్లు పోటీలు లేవు, జీవితకాల సన్మానాలే. 1992లో బెస్ట్ యానిమేటెడ్ ఫీచర్ అవార్డు మొదలైంది, 'బ్యూటీ అండ్ ద బీస్ట్' తీసుకుంది. ఆస్కార్‌లో ఈ విభాగం వచ్చింది ఎప్పుడో తెలుసా? 2002 వేడుకలో, 'ష్రెక్'తో. అంటే యానీ కంటే పదేళ్లు లేట్. ఆస్కార్‌లో ఆ విభాగం పెట్టమని ఏళ్ల తరబడి అకాడమీ వెంటపడినవాళ్లలో జూన్ ఫోరే కూడా ఒకరు. 2017లో 99 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూశారు.

మరి ఆస్కార్ ఉండగా ఇది ఎందుకు?

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. ఆస్కార్‌లో బెస్ట్ యానిమేటెడ్ ఫీచర్ అంటే సినిమా మొత్తానికి ఒక్క అవార్డు. డైరెక్టర్, నిర్మాతలు స్టేజ్ ఎక్కి తీసుకుంటారు. ఫైనల్ ఓటు అకాడమీ సభ్యులందరిదీ. నటులు, ఎడిటర్లు, మేకప్ వాళ్లు.. అందరూ వేస్తారు. అందులో యానిమేషన్‌ని సీరియస్‌గా చూసేవాళ్లు ఎంతమంది అన్న డౌట్ యానిమేటర్లకి ఎప్పటినుంచో ఉంది. 2022 ఆస్కార్ స్టేజ్ మీద ఈ విభాగాన్ని ప్రకటిస్తూ.. ఇవి పిల్లలు మళ్లీ మళ్లీ చూసే సినిమాలు, తల్లిదండ్రులు ఓర్చుకునే సినిమాలు అన్నట్టు జోకులేశారు. యానిమేషన్ జనానికి ఒళ్లు మండిపోయింది. మండదా మరి?

యానీలో లెక్క వేరు. కథని ముందుగా బొమ్మలుగా గీసే స్టోరీబోర్డ్ ఆర్టిస్ట్‌కి ఒకటి. పాత్ర రూపం డిజైన్ చేసినోళ్లకి ఒకటి. ఆ పాత్రని కదిలించినోళ్లకి ఇంకోటి. నీళ్లు, మంట, పొగ, దుమ్ము సృష్టించే ఎఫెక్ట్స్ వాళ్లకి, ఎడిటింగ్, మ్యూజిక్, రచనకి, చివరికి గొంతు ఇచ్చినోళ్లకి కూడా విడివిడిగా ఉంటాయి. సినిమాలకే కాదు, టీవీ, ఓటీటీ సిరీస్‌లకి కూడా. నెట్‌ఫ్లిక్స్‌లో 'ఆర్కేన్' చూసిన కుర్రాళ్లు ఉంటారు కదా, అది 2022లో ఏకంగా 9 యానీలు ఎత్తుకెళ్లింది.

డబ్బింగ్ సంగతికొస్తే ఆస్కార్‌లో గొంతుకి ప్రత్యేక అవార్డు ఇప్పటికీ లేదు. ఈ విషయంలో మనమే నయం.. నంది అవార్డులు నడిచిన రోజుల్లో డబ్బింగ్ ఆర్టిస్టులకి విడిగా నంది ఉండేది.

పేరు పడకపోతే ఏమవుతుందో అర్థం కావాలంటే టైరస్ వాంగ్ కథ చూడాలి. 1942లో వచ్చిన డిస్నీ 'బాంబి'లో ఆ మంచు తెరల అడవి, ఆ మెత్తటి రంగులు.. ఆ లుక్‌కి మూలం చైనా నుంచి వలస వచ్చిన ఈ చిత్రకారుడు వేసిన బొమ్మలే. సినిమా టైటిల్స్‌లో మాత్రం బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టుల్లో ఒకడిగా పేరు పడింది, అంతే. యానీ వాళ్లు 2005 సంవత్సరానికి విన్సర్ మెకే అవార్డు ఇచ్చారు. ఇది యానీలో జీవితకాల సాధనకి ఇచ్చే గౌరవం. అప్పటికి వాంగ్ తొంభై దాటేశారు. 106 ఏళ్లు బతికారు కాబట్టి సరిపోయింది!

పాండా గెలిచింది.. డిస్నీ అలిగింది

ఇంత మంచి అవార్డు అంటున్నారు, గొడవలే లేవా అంటే.. ఉన్నాయి. మామూలు గొడవ కాదు.

2009 జనవరి చివర్లో వేడుక. పోటీలో పిక్సర్ వారి 'వాల్-ఈ', డ్రీమ్‌వర్క్స్ వారి 'కుంగ్ ఫూ పాండా'. ప్రపంచమంతా వాల్-ఈని నెత్తిన పెట్టుకున్న టైమ్ అది. రిజల్ట్ చూస్తే పాండాకి పదికి పైగా అవార్డులు, వాల్-ఈకి గుండు సున్నా. తర్వాతి నెలలో ఆస్కార్ వాల్-ఈకే వచ్చింది. పాండా బాగాలేదని ఎవరూ అనరు, మన పిల్లలు ఇప్పటికీ అరిగిపోయేలా చూస్తున్న సినిమా అది. కానీ ఒక్కటంటే ఒక్కటి కూడా రాకపోవడం ఏంటని అందరూ నోరెళ్లబెట్టారు.

ప్రశ్నంతా ఓటింగ్ దగ్గరికి చేరింది. అప్పట్లో అసీఫా-హాలీవుడ్‌లో సభ్యత్వ రుసుం కడితే చాలు, ఓటు వచ్చేసేది. ఏదైనా స్టూడియో తన ఉద్యోగులందరికీ సభ్యత్వం ఇప్పిస్తే? డ్రీమ్‌వర్క్స్ చేస్తున్నది అదేనన్న ఆరోపణ గట్టిగా వినిపించింది. మన దగ్గర సహకార సంఘం ఎన్నికలకి ముందు సభ్యత్వాలు చేర్పించే సీన్ గుర్తొస్తోందా? దాదాపు అలాంటిదే.

2010 ఆగస్టులో డిస్నీ, పిక్సర్ ఇక మేం రాం అని తప్పుకున్నాయి. రెండింటి యానిమేషన్ విభాగాలకీ అధ్యక్షుడైన ఎడ్ క్యాట్‌మల్ ఈ రూల్స్ న్యాయంగా లేవన్నారు. 2011 ఫిబ్రవరిలో ఏమైందంటే 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్' 10 అవార్డులు కొట్టేసింది, 'టాయ్ స్టోరీ 3'కి బెస్ట్ ఫీచర్ దక్కలేదు. డ్రాగన్ కూడా డ్రీమ్‌వర్క్స్‌దే అని వేరే చెప్పాలా? ఆ ఏడాది ఆస్కార్ మళ్లీ పిక్సర్‌కే.

ఆ తర్వాత సంస్థ దిగొచ్చింది. ఓటు హక్కు ఈ రంగంలో పనిచేసే ప్రొఫెషనల్స్‌కి పరిమితమయ్యేలా రూల్స్ బిగించారు, డిస్నీ తిరిగొచ్చింది. నిజం చెప్పాలంటే ఈ గొడవే యానీని బాగుచేసింది. ఓటరు లిస్టులో ఎవరున్నారో తెలియని అవార్డు ఎంత అందంగా ఉన్నా షోకేస్‌లో బొమ్మే.

చిన్న సినిమాలకి కూడా 2016 వేడుక నుంచి విడిగా దారి దొరికింది. ఇండిపెండెంట్ ఫీచర్ అని ప్రత్యేక విభాగం పెట్టారు, బ్రెజిల్ సినిమా 'బాయ్ అండ్ ద వరల్డ్' మొదటిది గెలిచింది. 2025లో ఇదే విభాగంలో గెలిచిన పిల్లి సినిమా 'ఫ్లో' లాత్వియా నుంచి వచ్చింది. పెద్ద యానీ 'ద వైల్డ్ రోబోట్'కి వెళ్లింది, మొత్తం 9 అవార్డులతో. కొన్ని రోజులకే ఆస్కార్‌లో వైల్డ్ రోబోట్‌ని దాటి ఫ్లో గెలిచేసింది. యానీ వస్తే ఆస్కార్ గ్యారంటీ అని రాసే హెడ్‌లైన్లని అందుకే నమ్మొద్దు. 2020లో యానీ 'క్లాస్'కి, ఆస్కార్ 'టాయ్ స్టోరీ 4'కి. 2024లో యానీ స్పైడర్ మ్యాన్ 'అక్రాస్ ద స్పైడర్-వర్స్'కి, ఆస్కార్ మియాజాకి 'ద బాయ్ అండ్ ద హెరాన్'కి.

హైదరాబాద్ లింక్ ఇదీ

ఇప్పుడు పులి దగ్గరికి వద్దాం. యానీలో మనకి బాగా పనికొచ్చే విభాగం ఒకటుంది. మామూలు సినిమాల్లో, అంటే నిజమైన నటులున్న సినిమాల్లో కంప్యూటర్‌తో సృష్టించిన పాత్రల కదలికకి ఇచ్చేది. 'ఆర్ఆర్ఆర్' ఇంటర్వెల్‌లో లారీలోంచి ఎన్టీఆర్‌తో పాటు దూకిన జంతువులున్నాయే, ఆ టైపు పనికి అన్నమాట.

2013 ఫిబ్రవరి 2న ఈ అవార్డు 'లైఫ్ ఆఫ్ పై'లో పులికి వచ్చింది. ఎరిక్-యాన్ డి బోయర్, ఆయన టీమ్ సభ్యుల పేర్ల మీద. సముద్రం మధ్య పడవలో కుర్రాడితో కలిసి ప్రయాణించే రిచర్డ్ పార్కర్ చాలా షాట్లలో నిజం పులి కాదు. ఒక్కో కండ కదలిక, తడిసిన బొచ్చు, ఆకలితో కుంగిన నడక.. అంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మనుషులు చేసినదే. చేసిన కంపెనీ లాస్ ఏంజెలెస్‌కి చెందిన రిథమ్ అండ్ హ్యూస్. దానికి ముంబైతో పాటు మన హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. ఆ సినిమా పనిలో ఇక్కడి ఆర్టిస్టుల చేతులు కూడా ఉన్నాయి.

అవార్డు వచ్చి రెండు వారాలు తిరక్కుండానే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. లాస్ ఏంజెలెస్‌లో వందల మంది ఉద్యోగాలు పోయాయి. ఫిబ్రవరి 24న ఆస్కార్ వేడుక జరుగుతుంటే బయట వీఎఫ్ఎక్స్ ఆర్టిస్టులు నిరసన చేస్తున్నారు, లోపల అదే పులికి బెస్ట్ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ ఇస్తున్నారు! అవార్డు తీసుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ తమ కంపెనీ కష్టాల గురించి మాట్లాడబోతే 'జాస్' సినిమా మ్యూజిక్ వేసి మైక్ కట్ చేశారు. అదే రాత్రి డైరెక్టర్ ఆంగ్ లీ కూడా ఆస్కార్ తీసుకున్నారు. వీఎఫ్ఎక్స్ టీమ్‌కి థాంక్స్ చెప్పలేదని తర్వాత చాలా రోజులు తిట్లు తిన్నారు. చివరికి ఆ కంపెనీని ప్రాణా స్టూడియోస్‌కి చెందిన సంస్థ వేలంలో కొనుక్కుంది.

పని ఎవరు చేశారు, పేరు ఎవరికి పడింది, జీతం ఎవరికి ఆగింది.. ఈ మూడూ ఒకే నెలలో ఒకే పులి చుట్టూ తిరిగాయి. యానీ అవార్డు ఇందులో మొదటి ప్రశ్నకి కొంతవరకు జవాబిస్తుంది. కొంతవరకే ఎందుకంటే, ట్రోఫీ మీద నలుగురైదుగురి పేర్లే పడతాయి. ఒక పులికి వందల మంది పనిచేస్తే మిగతావాళ్లు సినిమా అయిపోయాక వచ్చే పేర్ల వరుసలో ఉండాలి. ఇక్కడ ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసేవాళ్లకి ఒక్కోసారి అది కూడా దక్కదు, స్టూడియో పేరు మాత్రం పడుతుంది.

ఇంకో సంగతి. యానీకి ఎంట్రీలు స్టూడియోలు, ఆర్టిస్టులే పంపుకోవాలి. ఎవరో వచ్చి వెతికి పట్టుకోరు. స్టూడెంట్ ఫిల్మ్‌కి కూడా ఒక విభాగం ఉంది కాబట్టి యానిమేషన్ కోర్సులు చేస్తున్న మన పిల్లలు అసీఫా-హాలీవుడ్ వాళ్ల రూల్స్, గడువు తేదీలు ఒకసారి చూసుకోవడం మంచిది. వేడుక ఏడాది మొదట్లో జరుగుతుంది, ఎంట్రీల గడువు మాత్రం అంతకుముందు ఏడాదిలోనే ముగుస్తుంది.