మనస్సునకు తెలిసినదేమి?

మన వాడుకలో ఒక మాట గలదు. వాదము ముదిరి, చూపవలసిన ఆధారములన్నియు అయిపోయిన పిదప, మనుష్యుడు గుండెమీద చేయి వేసికొని "నా మనస్సునకు తెలియును" అనును. ఆ మాటతో సంభాషణ ముగిసినట్లే. ఎదుటివాడు ఇక నేమనగలడు? ఒకరి మనస్సులో నున్నది మరియొకరికి కనబడదు గదా! పొరుగువాని చేతివాటమును గూర్చియు, కోడలి నడవడిని గూర్చియు, దాయాదుల దుర్బుద్ధిని గూర్చియు ఈ మాట ప్రతిదినమును వినుచునే యుందుము. ఇంతకును ఆ మనస్సునకు నిజముగా తెలిసినదేమి? తెలిసినదనుకొన్నదేమి? ఈ రెంటి నడుమ గీత ఎచట గీయవలెను?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. తర్కశాస్త్రము నభ్యసింపదలచిన విద్యార్థికి తొలుత చేతికిచ్చు గ్రంథము తర్కసంగ్రహము. దానిని రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడను సామెత ఆయన పాండిత్యమునకు లోకమిచ్చిన యోగ్యతాపత్రము. ఆయన జ్ఞానమును స్మృతి యనియు, అనుభవమనియు మొదట రెండుగా విభజించెను. అనుభవమును మరల యథార్థము, అయథార్థము అని రెండు చేసెను. ప్రత్యక్షము, అనుమితి, ఉపమితి, శాబ్దము అని యథార్థానుభవము నాలుగు విధములు. సంశయము, విపర్యయము, తర్కము అని అయథార్థానుభవము మూడు విధములు.

ఇందులో విపర్యయమును గూర్చి కొంచెము నిలిచి ఆలోచింపవలసియున్నది. ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొనుట విపర్యయము. సంశయములో మనస్సు ఊగులాడును. వెండియో, చిప్పయో తేలదు. విపర్యయములో అట్టి ఊగులాట లేదు. నిజమైన వెండిని చూచువానికెంత నిశ్చయము గలదో, చిప్పను వెండిగా చూచువానికిని అంత నిశ్చయమే గలదు. అనగా, లోపలినుండి చూచినపుడు సత్యమైన ఎరుకకును, భ్రాంతికిని భేదము కానరాదు. చిక్కంతయు ఇచటనే యున్నది.

ఇది పాఠశాలలోని చిక్కు మాత్రమే యనుకొనరాదు. ఒక నిరపరాధి బ్రతుకు దీనిపై ఆధారపడిన ఉదాహరణము అమెరికా న్యాయస్థానముల చరిత్రలో గలదు. 1984 జూలైలో నార్త్ కరొలినా రాష్ట్రమందలి బర్లింగ్టన్ పట్టణమున ఒక దుండగుడు రాత్రివేళ ఇంటిలో చొరబడి జెన్నిఫర్ థాంసన్ అను 22 ఏండ్ల విద్యార్థినిపై అత్యాచారము చేసెను. ఆమె ధైర్యవంతురాలు. బ్రతికి బయటపడినచో వానిని పట్టియీయవలెనను సంకల్పముతో, ఆ ఘోరసమయమందే వాని ముఖమును శ్రద్ధగా పరికించెను. తరువాత పోలీసులు చూపిన ఛాయాచిత్రములలో రోనాల్డ్ కాటన్ అను యువకుని చిత్రమును ఎంచెను. మనుష్యులను వరుసగా నిలిపినపుడును అతనినే చూపెను. 1985లో అతనికి శిక్ష పడెను. 1987లో కేసు మరల విచారణకు వచ్చినపుడు, బాబీ పూల్ అను మరియొక ఖైదీని న్యాయస్థానమునకు తెచ్చి ఆమెకు చూపిరి. వానిని తానెన్నడును చూడలేదని ఆమె చెప్పెను. కాటన్‌కు మరల శిక్ష పడెను. 1995లో డి.ఎన్.ఏ. పరీక్ష జరిగినపుడు నేరము చేసినవాడు ఆ పూలే యని తేలెను. అప్పటికి కాటన్ చెరసాలలో పదిన్నర సంవత్సరములు గడపియుండెను.

ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు ఎవరిమీదను పగ లేదు. ఆమె మనస్సునకు తెలిసినదే, తెలిసినట్లుగా చెప్పెను. మరి పొరపాటు ఎచట జరిగెను? స్మృతి కేవలము సంస్కారమువలన పుట్టునని మన తార్కికులు చెప్పుదురు. ఆ సంస్కారము ఏ ముఖమువలన కలిగినది? ఆ రాత్రి చూచిన ముఖమువలననా, ఠాణాలో చూచిన చిత్రమువలననా? ఈ సంగతిని సంస్కారము తనంతట తాను చెప్పదు. ఒకసారి ఎంచిన ముఖము చూచినకొలది గాఢమై, మొదటి ముఖమును కప్పివేయును. నిశ్చయము మాత్రము తరుగదు సరికదా, నానాటికి పెరుగును.

అట్లయినచో మన ఎరుక సత్యమని మనకు తెలియుట ఎట్లు? ఈ విషయమున మీమాంసకులకును, నైయాయికులకును శతాబ్దముల తరబడి వివాదము నడిచినది. జ్ఞానము స్వతః ప్రమాణమని మీమాంసకుని పక్షము. దానికి విరుద్ధమైనది కనబడువరకు దానిని నమ్మవలసినదే. ఒక జ్ఞానమునకు మరియొక జ్ఞానము సాక్ష్యము చెప్పవలెనన్నచో, దానికి మూడవది, మూడవదానికి నాల్గవది కావలసివచ్చును. ఆ వరుసకు అంతముండదు. నైయాయికుడు దీని కొప్పుకొనడు. "నేను దీనిని ఎరుగుదును" అని తెలియుట వేరు, "నా ఎరుక సత్యము" అని తెలియుట వేరు అని యాతని వాదము. మొదటిది మనస్సే చెప్పును. దానికి అనువ్యవసాయమని పేరు. రెండవది మనస్సు చెప్పజాలదు. దప్పిగొన్నవాడు దూరమున నీటిని చూచును. అచటికి నడచిపోవును. నీరు త్రాగి దాహము తీర్చుకొనినపుడు, తాను ముందు చూచినది సత్యమని ఊహించును. ఎండమావి యైనచో చేతికి ఇసుకయే తగులును. అన్నంభట్టు తన దీపికావ్యాఖ్యలో ఈ పక్షమునే సమర్థించెను.

చెప్పినది నిజమైనంతమాత్రమున కూడ ఎరుక కాజాలదు. శ్రీనాథుడు తెనిగించిన నైషధమునకు మూలకర్తయైన శ్రీహర్షుడు 12వ శతాబ్దిలో ఖండనఖండఖాద్యమను గ్రంథమున దీనిని చర్చించెను. పిడికిలిలో గవ్వలెన్ని యని యొకడడుగును; అయిదని వేరొకడు ఊహించి చెప్పును; విప్పిచూడగా అయిదే యుండును. వానికి తెలిసెననవచ్చునా? 1963లో ఎడ్మండ్ గెటియర్ అను అమెరికా తత్త్వవేత్త మూడు పుటల వ్యాసములో ఇట్టి శంకనే లేవదీయగా పాశ్చాత్య పండితులు నేటికిని సమాధానములు వెదకుచున్నారు. మన అనుమానములు ఒకొక్కప్పుడు నిజమగుటయే మనకు మరింత ప్రమాదము. ఒకసారి గురి తగిలినచో, పదిసార్లు తప్పిన సంగతి మరచి, "నేను ముందే చెప్పలేదా?" అందుము.

మరి అంతరంగమునకు స్వంతమైన ఎరుక బొత్తిగా లేదా? గలదు, కాని దాని పొలిమేర చిన్నది. నాకు నొప్పిగానున్నదని నేనన్నపుడు దానిని కాదనుట కెవరికిని అధికారము లేదు. కాని ఆ నొప్పికి మూలమెచటనున్నదో వైద్యుడు పరీక్షించి చెప్పవలెను. గుండెలోని జబ్బు ఎడమచేతిలో బాధగా తోచుట కద్దు. అట్లే "నాకు భయమగుచున్నది", "నాకు వానియందు నమ్మకము కుదురుటలేదు" అను మాటలలో మనకు పూర్తి స్వాతంత్ర్యము గలదు. "వాడు దొంగ" అనునది ఆ జాతి మాట కాదు. అది లోపలి సంగతి కాదు, బయటి సంగతి, బయటనే తేలవలెను.

మీమాంసకుని సూత్రము లేనిదే బ్రతుకు సాగదు. ప్రతి మెట్టును పరీక్షించి గాని కాలుమోపననువాడు మేడ యెక్కలేడు. మన లాభనష్టములు మనకే చెందు పనులలో ఆ నమ్మకము చాలును. పరుని పరువో, ప్రాణమో త్రాసులో నున్నపుడు మాత్రము నైయాయికుని మార్గమే శరణ్యము. కాటన్ విడుదలయైన పిదప అతడును, థాంసనును స్నేహితులై, సాక్షులచేత గుర్తింపజేయు పద్ధతులు మారవలెనని కలిసి పనిచేసిరి. 2009లో తమ కథను గ్రంథముగా వెలువరించిరి. 2007లో నార్త్ కరొలినా రాష్ట్రము చేసిన చట్టమున, అనుమానితుడెవరో ఎరుగని అధికారి చిత్రములను చూపుట, దోషి వానిలో లేకపోవచ్చునని సాక్షికి ముందుగా చెప్పుట మొదలగు నియమములు చేరినవి. సాక్షి మనస్సును అవమానించుటకు గాదు, దాని హద్దు నెరిగి దానిని కాపాడుటకే ఈ ఏర్పాటు.

మన యిండ్లలోను ఈపాటి ఏర్పాటు అసాధ్యము కాదు. "నా మనస్సునకు తెలియును" అనువానితో వాదులాట వలదు. నీటిదాక నడచి చూచితివా యని మాత్రము అడుగవలెను. ఆ మాట మన నోట వచ్చినపుడు, ఆ ప్రశ్న మనలను మనమే వేసికొనవలెను.