ఒక్క ఓటు, ఒక ముంత కల్లు

సోమవారం పొద్దున్నే ఎడిటరు గారి ఫోను. "అమెరికాలో రాన్ పాల్ అని ఒక డాక్టరు గారు ఉన్నారు కదండీ. ఇరాక్ మీదికి సైన్యం వద్దన్నారు, మత్తుమందుల మీద యుద్ధమూ వద్దన్నారు. సొంత పార్టీలోనే ఒంటరి. మనవాళ్లలో అలాంటి వారెవరైనా దొరుకుతారేమో చూడండి. గురువారం సాయంత్రానికి పేజీలు కట్టేయాలి." మొదలెట్టడానికి జగ్గయ్యపేట బాగుంటుందని సలహా కూడా ఆయనదే.

బస్సు దిగింది గరికపాడు చెక్‌పోస్టు దగ్గర. అటు కోదాడ, ఇటు జగ్గయ్యపేట. గంజాయి కోసం కార్ల డిక్కీలు తెరిపిస్తారు, సీసాల కోసం సంచులు తడుముతారు. ఈ హద్దు మీద మత్తు గొడవ రాష్ట్రం చీలాక పుట్టిందేమీ కాదు. 1954లోనూ ఇక్కడ సరిహద్దే. పడమట హైదరాబాదు రాష్ట్రం, అక్కడ కల్లు దుకాణాలు నడిచేవి. తూర్పున ఆంధ్ర రాష్ట్రం, ఇక్కడ కల్లు గీస్తే కేసు. మునగాల పరగణా సంగతి మరీ విచిత్రం. నలువైపులా హైదరాబాదు రాష్ట్రమే, లెక్కకు మాత్రం నందిగామ తాలూకా. అంటే చుట్టూ కల్లు, మధ్యలో నిషేధం!

వెనకటి కథ గబగబా చెప్పేస్తాను. రాజాజీ 1937లో సేలంలో మద్యనిషేధం పెట్టారు, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. పోయిన ఆబ్కారీ రాబడి పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను వేశారు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పొడి. 1953 అక్టోబరు 1న విడివడిన ఆంధ్రకు ఆ చట్టం వాటాగా వచ్చింది. అంతే చరిత్ర.

నన్ను పట్టుకుని వదలనిది వేరే కాగితం. 1954 నవంబరు 6, కర్నూలు శాసనసభ, అవిశ్వాస తీర్మానం మీద ఓట్ల లెక్క. అవుననేవారు 69, కాదనేవారు 68. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలిపోయింది. కూల్చింది కల్లు కుండ. ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమని సిఫారసు చేస్తే సర్కారు దాన్ని పక్కన పెట్టింది. కృషికార్ లోక్ పార్టీ నాయకుడు గౌతు లచ్చన్న ఎదురు తిరిగారు.

ఎడిటరు గారడిగిన మనిషి నాకు అక్కడ దొరికాడు. లచ్చన్నది శ్రీకాకుళం జిల్లా బారువ, పుట్టింది 1909లో, గీత కులంలో. తాగమని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన అడిగింది ఒకటే: చెట్టెక్కి బతికే మనిషిని చట్టం దింపేశాక, వాడి పొయ్యి మీద కుండ ఎవరు పెడతారు? గాంధీగారి పేరుతో వచ్చిన చట్టాన్ని ఈ ప్రశ్న అడగడానికి గుండె కావాలి. ఆయనంటే నాకు పక్షపాతం ఉంది, దాచను. నందిగామ దాటాక పొలం గట్ల మీద తాటి వరసలు చూస్తుంటే ఆ పక్షపాతం ఇంకాస్త పెరిగింది. ఆ చెట్లన్నీ ఒకనాడు ఎవరి మోకుకో, ఎవరి కత్తికో అన్నం పెట్టినవే.

మరి రాన్ పాల్ గారి రెండో గొడవ, విదేశీ జోక్యం? అదీ వచ్చింది, మూడు నెలలు తిరక్కుండానే. 1955 ఫిబ్రవరి మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలుస్తారేమోనని ఢిల్లీ బెంగ పెట్టుకుంది. సరిగ్గా పోలింగుకు ముందు, జనవరిలో, మాస్కో 'ప్రావ్దా' నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. అటు అమెరికా పాకిస్తానుకు ఆయుధాలిస్తున్న కాలం, రష్యాకు నెహ్రూ అవసరం. కాంగ్రెసు వాళ్లు దాన్నే అచ్చేసి ఊరూరా పంచారు. మాస్కోయే మెచ్చుకుంటుంటే మీకేం నొప్పి అని అడిగితే కమ్యూనిస్టులు ఏం జవాబు చెప్తారు, పాపం! 196 స్థానాల్లో వాళ్లకు దక్కినవి 15. అయినా కృష్ణా జిల్లా గన్నవరం నుంచి వాళ్ల నాయకుడు సుందరయ్య గెలిచారు.

ఇక్కడ నా అభిమానానికి చిన్న చిల్లు పడింది. నవంబరులో కమ్యూనిస్టులతో కలిసి ఓటేసిన లచ్చన్న వర్గం, ఫిబ్రవరికల్లా వాళ్లకు ఎదురుగా కాంగ్రెసు కూటమిలో నిలబడింది. కృషికార్ లోక్ పార్టీ వాటాకు 22 సీట్లు వచ్చాయి. 1959లో మళ్లీ తిరుగుబాటు: స్వతంత్ర పార్టీలో చేరి, పర్మిట్ల రాజ్యాన్నీ నెహ్రూ బాటనూ ఎదిరించడం. తమాషా ఏమిటంటే ఆ పార్టీకి పెద్దదిక్కు రాజాజీ, సేలం నిషేధం పెట్టిన ఆ రాజాజీయే. ఒకే వేదిక మీద ఆ ఇద్దరూ కల్లు మాట ఎత్తారో, కావాలనే దాటేశారో!

మూడు సీసాలు

మళ్లీ హద్దు దగ్గరికొస్తే, 2019 అక్టోబరు 1 నుంచి 2024 దాకా ఆంధ్రలో మద్యం దుకాణాలు సర్కారువే. 2020 మేలో ధరలు 75 శాతం పెంచారు. అటునుంచి సీసాలు తెచ్చుకునే వాళ్లతో గరికపాడు దారి రద్దీ అయింది. పక్క రాష్ట్రం నుంచి మూడు సీసాలదాకా తెచ్చుకోవచ్చని 411వ నంబరు జీవోలోనే ఉందని ఆ సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. కొన్నాళ్లు చెక్‌పోస్టులో సీసాలు లెక్కపెట్టారు. అక్టోబరులో సర్కారు నిబంధన మార్చి, ఒక్క సీసాకైనా పర్మిట్ చూపించమంది.