మీకు తెలుసా? కృష్ణపట్నం తీరానికి రెండు పాత కెమెరాలు

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్తే, కండలేరు సముద్రంలో కలిసే చోట ఒక పక్క పడవలు, వలలు కనిపిస్తాయి. ఇంకో పక్క 2008 నుంచి నడుస్తున్న ఓడరేవు క్రేన్లు నిలబడి ఉంటాయి. రీలు కెమెరాల మీద ఇష్టం ఉన్నవాళ్లు రెండు కెమెరాలు భుజాన వేసుకుని వెళ్లదగ్గ తీరం ఇది. కూర్చుని వల అల్లేవాళ్లకు తలవంచి చూసే డబ్బా కెమెరా, అలల్లోకి పడవ తోసేవాళ్లకు రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసే రేంజ్‌ఫైండర్. ఓడరేవు లోపల మాత్రం అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు.

• మన ఇళ్లలోని పాత ఆల్బమ్‌లలో చాలా నలుపు తెలుపు ఫొటోలు చదరంగా ఎందుకు ఉంటాయి? అవి 120 రీలు మీద తీసినవి కనుక. కొడాక్ ఈ రీలును 1901లో బ్రౌనీ కెమెరా కోసం తెచ్చింది, ఇప్పటికీ అదే కొలతలో తయారవుతోంది. ఒక రీలుకు 12 చదరపు ఫొటోలు. ఒక్కో నెగెటివ్ సుమారు 56 మిల్లీమీటర్ల చదరం, అంటే 35 ఎం.ఎం. నెగెటివ్ కంటే వైశాల్యంలో మూడున్నర రెట్లకు పైగా పెద్దది. వలలో ఒక్కో ముడి, మోకులో ఒక్కో పురి విడివిడిగా కనిపించేది అందుకే. మన దేశంలోనే న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన అగ్ఫా క్లిక్ త్రీ కూడా ఈ రీలుదే. ఈ రీలు సైజును మీడియం ఫార్మాట్ అంటారని వినకుండానే ఎన్నో కుటుంబాలు ఆ ఫార్మాట్‌లో ఫొటోలు దిగాయి.

• ఆ కెమెరాల వెనక చిన్న ఎర్ర కిటికీ గమనించారా? 120 రీలుకు పక్కల పళ్ల రంధ్రాలు ఉండవు, వెనక నల్ల కాగితం ఉంటుంది. దాని మీది అంకెలు ఆ కిటికీలోంచి కనిపిస్తాయి. తొలినాళ్ల ఫిల్మ్‌కు ఎర్ర వెలుతురు అంటదు, అందుకని ఆ రంగు. ఇప్పటి ఫిల్మ్‌కు అంటుతుంది. రీలు తిప్పేటప్పుడు మినహా ఆ కిటికీ మీద నల్ల టేపు అంటించి ఉంచండి.

• తలవంచి చూసే డబ్బా కెమెరాల్లో పేరున్న రోలైఫ్లెక్స్ 1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టింది. పై లెన్స్ చూడటానికి, కింది లెన్స్ ఫొటో తీయడానికి. అద్దం వల్ల పై గాజులో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఉత్తరానికి పోయే పడవ గాజులో దక్షిణానికి పోతుంది, దాన్ని వెంబడించబోతే చేతులు ఎదురు తిరుగుతాయి. కదిలేదానికి ఈ కెమెరా పనికిరాదనే చెప్తాను. మనుషులకు మాత్రం దీన్ని మించింది లేదు. కెమెరా నడుము దగ్గర ఉంటుంది, తీసేవాడు తల వంచి ఉంటాడు. ఎదుటివాళ్ల మొహానికి గురిపెట్టినట్టు ఉండదు కాబట్టి వాళ్లు తమ పని తాము చేసుకుంటారు. భారతదేశపు తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పేరొందిన హోమాయ్ వ్యారవాలా చేతిలోనూ రోలైఫ్లెక్స్ ఉండేది.

• రేంజ్‌ఫైండర్ అనగానే లైకా గుర్తొస్తుంది. కానీ లెన్స్‌తో జోడించిన రేంజ్‌ఫైండర్ మొదట వచ్చింది 1916లో, పోస్ట్‌కార్డు సైజు ఫొటోలు తీసే కొడాక్ కెమెరాలో. లైకా, కాంటాక్స్ రెండింటికీ అది 1932లో వచ్చింది. ఆ తర్వాత 1934లో జైస్ ఐకాన్ వాళ్ల సూపర్ ఐకాంటా దాన్ని 120 రీలు మడత కెమెరాలోకి తెచ్చింది. చాలా ఏళ్లకు ఫుజీ, మామియా కూడా పెద్ద నెగెటివ్ రేంజ్‌ఫైండర్లు చేశాయి. అంటే మీడియం ఫార్మాట్, రేంజ్‌ఫైండర్ ఎన్నడూ వేరు కుటుంబాలు కావు.

• రేంజ్‌ఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మలు ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. ఆ రెండో బొమ్మ అడ్డంగా మాత్రమే జరుగుతుంది. కాబట్టి పడవ కొయ్యలాంటి నిలువు గీత మీద ఇట్టే కుదురుతుంది, పడవ అంచులాంటి అడ్డగీత మీద ఎంత తిప్పినా తేలదు. అప్పుడు కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకుని ఫోకస్ చేసి మళ్లీ మామూలుగా తిప్పుకోవాలి. ఇంకో సుగుణం, లైకా ఎం3 వంటి వాటిలో ఫ్రేము గీతల బయట ఏముందో కూడా కనిపిస్తుంది. అల విరిగి పడవ ఫ్రేములోకి ఎప్పుడు వస్తుందో ముందే పసిగట్టవచ్చు.

• కృష్ణపట్నంలో సూర్యుడు బంగాళాఖాతంలోంచి లేస్తాడు. అందరూ ఆ వైపే కెమెరా పెడతారు, ప్రమాదం ఉన్నదీ అక్కడే. పాత లైకాలు, జోర్కీలలో షట్టర్ గుడ్డతో చేస్తారు, దాని ముందు అద్దం ఉండదు. సూర్యుడి వైపు ఊరికే పట్టుకుని నిలబడితే లెన్స్ భూతద్దంలా పనిచేసి గుడ్డకు కన్నం పెడుతుంది. మూత పెట్టి ఉంచాలి. రేంజ్‌ఫైండర్‌లో చూపు లెన్స్‌లోంచి పోదు గనక మూత ఉన్న సంగతి కనపడదు, తీయడం మరిచిపోతే రీలంతా ఖాళీ. రోలైఫ్లెక్స్, యాషికా మ్యాట్‌లకు లెన్స్‌లోనే లోహపు రేకుల షట్టర్ ఉంటుంది, వాటికి ఈ బాధ లేదు.

• వెలుతురు మీటర్ లేకపోయినా పర్వాలేదు. మంచి ఎండలో 100 స్పీడ్ ఫిల్మ్‌కు అపెర్చర్ 16, షట్టర్ సెకనులో నూట పాతికో వంతు. ఇసుక, నీళ్లు వెలుగును వెనక్కి కొట్టే తీరంలో అపెర్చర్ 22 కావాలి. తలవంచి చూసే చాలా డబ్బా కెమెరాలలో 22 ఉంటుంది, చాలా రేంజ్‌ఫైండర్ లెన్సులు 16 దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు షట్టర్ వేగం రెట్టింపు చేయాలి.

• ఇక్కడికి దక్షిణాన ఇదే తీరంలో శ్రీహరికోట. చంద్రయాన్-3 అక్కడి నుంచే 2023 జులై 14న ఎగిరింది. పెద్ద నెగెటివ్ కెమెరాలు మాత్రం అంతకు చాలా ముందే చంద్రుణ్ని చేరాయి. చంద్రుడి మీద దిగిన అపోలో యాత్రికులు వాడినవి మీడియం ఫార్మాట్ హాసెల్‌బ్లాడ్‌లు. బరువు తగ్గించుకోవడానికి ఫిల్మ్ డబ్బాలు మాత్రం తెచ్చుకుని 12 కెమెరాలను అక్కడే వదిలేశారు.

• మన దేశంలోనూ ఫిల్మ్ తయారైంది. ఊటీలో 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967 నుంచి ‘ఇందు’ పేరుతో ఉత్పత్తి చేసింది. ఆ సంస్థ మూతపడటం దేశానికి నష్టమే.

• రీలు కడగడానికి పుస్తకాలు చెప్పే నీళ్ల వేడి 20 డిగ్రీలు. నెల్లూరు వేసవిలో కొళాయి నీళ్లే 30 దాటుతాయి. వేడి నీళ్లలో ఫిల్మ్ పూత మెత్తబడుతుంది, డెవలపర్ తొందరపడుతుంది. డెవలపర్ సీసాను ఐసు వేసిన బకెట్‌లో నిలబెట్టి థర్మామీటర్ చూసుకుంటూ చేయాలి.

• ఉప్పుగాలి కంటే లెన్స్‌కు పెద్ద శత్రువు బూజు. అది గాజు మీది పూతను తినేస్తుంది. తోలు కేసు చెమ్మ పట్టి ఉంచుతుంది, అందులో దాచడం మానండి. సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. తరచుగా వాడటం అన్నిటికన్నా మంచిది.

మీ ఇంటి బీరువాలో తాతగారి డబ్బా కెమెరా ఉంటే వెలుగులో దాని వెనక తలుపు తెరవకండి. ముందుగా రీలు చుట్టే మీటను నెమ్మదిగా తిప్పి చూడండి. బిగువుగా తగిలితే లోపల రీలు ఉన్నట్టే. చివరిదాకా తిప్పి, చీకటి గదిలో తీసి, నలుపు తెలుపు కడగడం తెలిసినవాళ్లకు ఇవ్వండి. లోపల ఖాళీ కండె మాత్రమే ఉంటే దాన్ని పారేయకండి. కొత్త 120 రీలు చుట్టుకోవడానికి అదే కావాలి.